విడుపు లేని రోజు

తొంభై ఎనిమిదో గింజను వేళ్ల మధ్య పట్టుకొని చంద్రకళ ఆగిపోయింది. ఇప్పుడు పెట్టేది తొంభై ఎనిమిదోదా, తొంభై ఏడోదా? తడి గోనెపట్టా మీద వరిగింజలు వరసకు పది చొప్పున పది వరసలు ఉండాలి. ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్న పని. పక్కవాళ్లతో మాట్లాడుతూ పెట్టినా ఎప్పుడూ లెక్క తప్పలేదు. ఈ శుక్రవారం పొద్దున మాత్రం ఇది రెండోసారి. పట్టా మొత్తం దులిపి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే రోడ్డు మీద, రైస్ మిల్లులు దాటాక వచ్చే విత్తనాల గోదాములో ఆమెది మొలక చూసే పని. ప్రతి లాటు నుంచి, అంటే ఒక్కో విత్తనాల కుప్ప నుంచి, వంద గింజలు తీసి, తడి గోనెలో పరిచి, చాపలా చుట్టి సుతిలితో కడుతుంది. లాటు నంబరు రాసిన అట్టముక్క తగిలించి, నీడన నిలబెట్టి, పూటపూటకూ నీళ్లు చల్లుతుంది. ఎనిమిదో రోజు విప్పితే ఎనభైకి తక్కువ కాకుండా మొలక కనబడాలి. కనబడకపోతే ఆ లాటు రైతు చేతికి పోదు. ఏ వేళప్పుడు చూసినా ఆమె వేళ్ల చివరలు నానిపోయి, తెల్లగా, ముడతలు పడి ఉంటాయి. మనిషి బక్కపలచన. నలభై అయిదేళ్లకే మెడ ముందుకు వంగింది. తల వంచి గింజలు చూడడం అలవాటైన మెడ అది. పైకి చూడడం దానికి పెద్దగా చేతకాదు.

మొలవని గింజలను పారేయడం గోదాము పద్ధతి. ఆమె పారేయదు. నీళ్లడ్రమ్ము వెనక పాత పట్టా ఒకటి దాచుకొని, వాటిని అందులో చుట్టి ఇంకో రెండు రోజులు నీళ్లు చల్లుతుంది. యాసంగి చలికి ఆలస్యమై ఉంటుంది, లోపల పాణం ఉందో లేదో మనకేం తెలుసని ఆమె మాట. ఓనరు విష్ణువర్ధన్ ఒకసారి చూసి, రిజల్టు పంపించాక ఇంకెవరికమ్మా ఈ పరీక్ష అని నవ్వి ఊరుకున్నాడు.

ఎదురుగా కూర్చున్న గోపమ్మ గింజలు ఏరుతూనే ఆమెను కనిపెట్టి చూస్తోంది. కోదాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, నోట్లో మాట ఆగదు. ఆ వీడియో చూపించింది కూడా ఆమే. సూర్యుడి చుట్టూ తిరిగే వాటిల్లో చేరనిది, ఎక్కడో వేరే చుక్కల మధ్య నుంచి వచ్చినది ఒకటి శుక్రవారం నాడు భూమికి అన్నిటికంటే దగ్గరగా పోతుందని ఆ వీడియోలో ఒకాయన గట్టిగా అరుస్తూ చెప్పాడు. అది రాయి కాదట, ఎవరో పంపించిన బండి అట. లోపల ప్రాణమున్న వాళ్లు ఉన్నారట. మూడు రోజుల నుంచి చంద్రకళ ఆ బండి మాటే తీస్తోంది.

"వాళ్లొచ్చినా మిర్యాలగూడకెందుకొస్తారే, సన్నబియ్యం కొనుక్కుపోడానికా?" అంది గోపమ్మ.

"నవ్వకు వదినా. నీ ఇంట్ల కడుపుతోని పిల్ల లేదు."

గోపమ్మ ఇక నవ్వలేదు.

చంద్రకళ కూతురు శైలజకు ఎనిమిదో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలని పోయిన నెలలో సూర్యాపేట నుంచి తెచ్చుకున్నారు. అక్కడ ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది. తల్లి వీడియో సంగతి చెబితే, అది వట్టి తోకచుక్కేననీ, సూర్యుడి కంటే దూరం నుంచి పోతున్నదనీ నిమ్మళంగా వివరించింది. తోకచుక్క అన్న మాటతో చంద్రకళ భయం రెండింతలైంది.

గుడి పంతులు దగ్గరకు పోయి అడిగింది. ఆయన పంచాంగం తిరగేసి, ఆ రోజు ఏ దోషమూ లేదన్నాడు. అందరికీ ధైర్యమిచ్చే ఆ మాట ఆమెకు మరోలా వినబడింది. గ్రహణమైతే పంచాంగంలో ఉంటుంది. పట్టు ఎప్పుడో, విడుపు ఎప్పుడో గంటా నిమిషంతో సహా రాసి ఉంటుంది. దీని సంగతి పెద్దలకే తెలియదు. విడుపు తెలియకపోతే మనిషి ఎప్పుడు లేచి స్నానం చేయాలి, ఎప్పుడు పొయ్యి వెలిగించాలి?

అందుకే గ్రహణానికి చేసేదంతా చేసింది, ఇంకొంచెం ఎక్కువే చేసింది. తెల్లవారకముందే శైలజను లేపి పెరుగన్నం తినిపించింది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. ద్వారబంధానికి గరిక గుచ్చింది. కత్తిపీట, సూది, కత్తెర మూటగట్టి పక్కింట్లో పెట్టి వచ్చింది. రాగిచెంబు నిండా నీళ్లు పోసి మంచం పక్కన పెట్టి, మూత మీద రెండు గరికపోచలు ఒకటి అడ్డం, ఒకటి నిలువు వేసింది. పొద్దు గూకేదాకా చెంబు ముట్టవద్దు, కాళ్లూ చేతులూ ముడవకుండా వెల్లకిలా పడుకోవాలి, గడప దాటవద్దు. భర్త సైదయ్య మిల్లు డ్యూటీకి పోతూ ఇదంతా చూసి, వాళ్లు దిగి వస్తే నీకే భయపడి వెనక్కి పోతరని గొణిగాడు. శైలజ మాత్రం ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. తల్లి ముఖంలోకి కాసేపు చూసి, మంచం మీద చాపలా చాచుకొని పడుకుంది.

శైలజ ఎందుకు ఎదురు చెప్పలేదో చంద్రకళకు తెలుసు; తల్లి నోట వినకపోయినా పాత సంగతి వాడలో విని ఉంటుంది. ఇరవై ఆరేళ్ల కింద, ఆషాఢ అమావాస్య సాయంత్రం, సూర్యుడికి గ్రహణం పట్టిన రోజు, చంద్రకళ నిండు కడుపుతో కత్తిపీట ముందు కూర్చొని దోసకాయ కోసింది. ఇంట్లో గోడ గడియారం ఆగిపోయి ఉంది. ఇంకా పట్టలేదనుకుంది. పది రోజులకు కొడుకు పుట్టాడు. ఏడవలేదు. మంత్రసాని తలకిందులుగా పట్టుకొని వీపు మీద తట్టింది, చెవిలో ఊదింది. ఏడవలేదు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అత్త మాత్రం మూలన ఉన్న కత్తిపీట వైపు ఒకసారి చూసింది. ఆ చూపు ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.

పన్నెండు దాటాక ఫోను మోగింది. చేతులు తడిగా ఉండి తెర మీద వేలు జారింది. మూడోసారికి గానీ అందలేదు.

"అమ్మా, జర ఇంటికొస్తవా?" శైలజ గొంతు సన్నగా ఉంది. "పదింటి కాడికెల్లి కదుల్తలేడు. భయపడకు."

ఇరవై ఏళ్లలో మొదటిసారి చంద్రకళ పట్టాను సగంలో వదిలేసి లేచింది. గోపమ్మ వెనక నుంచి ఏదో అడుగుతూనే ఉంది. రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కి కూర్చున్నాక గానీ కాళ్లకు చెప్పులు లేని సంగతి తెలియలేదు. ఆటో ప్రతి మిల్లు గేటు ముందూ ఆగుతోంది, ఎవరో దిగుతున్నారు, ఎవరో ఎక్కుతున్నారు. లోపల వాడు కదలడం లేదు. ఆమె తల ఎత్తి ఆకాశం చూడలేదు. చూస్తే తాను ఎక్కడికి పోతున్నదీ పైన ఉన్నదానికి తెలిసిపోతుందని అనిపించింది.

ఇంట్లో చీకటి. శైలజ పొద్దున చెప్పినట్టే వెల్లకిలా పడుకొని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకొని ఉంది. చంద్రకళ చెయ్యి వేసి చూసింది. గట్టిగా, వెచ్చగా ఉంది. లోపల ఏమీ లేదు. ఇంకో పక్క వేసి చూసింది. గింజను నొక్కి అది గట్టిదో తాలో చెప్పగల వేళ్లకు ఇది అందలేదు.

దవాఖానకు పోవాలి. పోవాలంటే గడప దాటాలి. గడప అవతల నడి మధ్యాహ్నపు ఆకాశం ఏ అడ్డూ లేకుండా ఉంది. చంద్రకళ కూతురి చెయ్యి పట్టుకొని గరిక కింద నిలబడిపోయింది. దాటితే ఏమవుతుందో తెలియదు, దాటకపోతే ఏమవుతుందో తెలియదు. అప్పుడు తెలియక చేసింది. ఇప్పుడు తెలిసి చేయాలి. చివరికి శైలజే ముందు అడుగు వేసింది.

ఆటోలో చంద్రకళ తన రెండు అరచేతులూ కూతురి కడుపు మీద కప్పులా పరిచి కూర్చుంది. పైనుంచి ఏం పడినా ముందు తన చేతుల మీద పడాలని.

బస్టాండు దగ్గరి చిన్న నర్సింగ్ హోములో మంగ్లీ అనే నర్సు కడుపు మీద చల్లటి జిగురు రాసి, చిన్న మిషను పెట్టి వెతికింది. కుడి వైపు గరగర. కింద గరగర. బొడ్డు పక్కన ఏమీ లేదు. చంద్రకళ గోడకు ఆనుకొని, వేళ్ల మీద లెక్కబెట్టడం మొదలుపెట్టింది. పదకొండు దాకా వచ్చింది.

అప్పుడు వినబడింది. గోదాములో జల్లెడ మిషను ఆడినట్టు, వేగంగా, ఆగకుండా, టకటకటక.

"ఉన్నడు గదా, గీడ దాక్కున్నడు," అంది మంగ్లీ. చంద్రకళ అక్కడే నేల మీద కూర్చుంది.

డాక్టరమ్మ వచ్చి, పొద్దుటి నుంచి ఏం తిన్నావని శైలజను అడిగింది. తెల్లవారుజామున పెరుగన్నమని చెప్పింది.

"మరి నీళ్లన్న తాగినవా?"

శైలజ తల్లి వైపు ఒక్క క్షణం చూసి, "తాగిన మేడం," అంది.

తల్లిని తిట్టించడం ఇష్టం లేక అబద్ధం చెప్పిందని చంద్రకళకు అర్థమైంది. సిగ్గుతో తల ఇంకా కిందికి వంగింది. కడుపులో పిల్లలు ఒక్కోసారి నిద్రపోతారనీ, తల్లి ఆకలితో వెల్లకిలా పడుకుంటే మందగిస్తారనీ డాక్టరమ్మ చెప్పింది. ఎవరు చెప్పారమ్మా ఇట్లా పడుకోమని కూడా అడిగింది. గ్లూకోజు నీళ్లు తాగించి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, గుండె చప్పుడు వినిపించే మిషను పట్టీలు కడుపుకు కట్టారు. అరగంట పాటు ఆ చప్పుడు గదంతా నిండి ఉంది.

ఆ చప్పుడులోనే చంద్రకళ మెల్లగా అడిగింది. "నిజం జెప్పు బిడ్డా. పైన ఎవలన్న ఉన్నరా?"

"తెల్వదమ్మా. ఎవ్వలకు తెల్వదు. నువ్వు వంద గింజలు జూసి లాటు సంగతి చెప్తవు. మనుషులు ఇంక ఒక్క గింజనే జూసిన్రు, గది మన భూమి. ఒక్కదాన్ని జూసి ఏం చెప్తరు?" తల్లి వైపు తల తిప్పింది. "ఉంటే ఉంటరు. మనల్ని మాత్రం సూస్తలేరు."

"సూడకుంటే మీ అన్న ఎట్ల పోయిండు?"

ఆ మాట ఆమె నోటి నుంచి ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ బయటికి రాలేదు. శైలజ తల్లి నానిన వేళ్లను తన అరచేతిలోకి తీసుకుంది. చంద్రకళ ఆలోచిస్తూనే ఉంది. పైన ఎవరూ చూడలేదంటే, ఆ రోజు కత్తిపీట వల్ల ఏమీ కాలేదు. కత్తిపీట వల్ల కాకపోతే ఇంక దేనివల్లా కాదు. ఊరికే పోయాడు. ఈ ఆలోచన ఆమెను ఆకాశంలోని బండి కంటే ఎక్కువ భయపెట్టింది.

శైలజ ఫోను చేస్తే, మూడున్నరకు అల్లుడు ప్రవీణ్ వచ్చాడు. సూర్యాపేటలో బోరు మోటార్లకు వైండింగు చేసే పిల్లవాడు. వార్నిషు వాసన వదలని చొక్కాతోనే, స్నేహితుడి కారు అడిగి తెచ్చుకొని వచ్చాడు. భార్యను చూశాడు, డాక్టరమ్మతో మాట్లాడాడు, అంతా విన్నాడు. గట్టిగా ఏమీ అనలేదు. బయట బెంచీ మీద అత్తకు కొంచెం దూరంగా కూర్చొని, చేతుల మీది కాలిన మచ్చలు చూసుకుంటూ మాట్లాడాడు.

"అత్తమ్మా, శైలును తీస్కపోత. కాన్పు సూర్యాపేటల్నే జేపిస్త. కోపం గాదు. మీ భయం జూస్తే నాకు భయమైతంది."

తొలికాన్పు పుట్టింట్లో కాకపోతే వాడలో ఏమనుకుంటారని అడగాలనుకుంది. మీ అమ్మకు ఇవన్నీ తెలుసా అని అడగాలనుకుంది. దారిలో గుంతలున్నాయని చెప్పాలనుకుంది. మధ్యలో ఎక్కడైనా ఆపితే నీడన ఆపమని మాత్రం అంది. మిల్లులో ఉన్న సైదయ్యకు ఫోను చేస్తే, పోనియ్యి అన్నాడు.

బట్టల సంచి కోసం ఇంటి దగ్గర ఆగారు. శైలజ గడప దగ్గర కొంచెం వంగి, ద్వారబంధం మీది గరిక రాలకుండా దాని కింద నుంచి లోపలికి వెళ్లింది. అలాగే వంగి బయటికి వచ్చింది. కారెక్కే ముందు తల్లి చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుంది. లోపలి నుంచి ఒక తన్ను, బలంగా, అరచేతి మధ్యలో తగిలింది. చంద్రకళ చెయ్యి తీయలేదు. ప్రవీణ్ కాసేపు ఆగి, బండి స్టార్టు చేశాడు.

కారు సందు మలుపు తిరిగాక కూడా ఆమె అక్కడే నిలబడింది. ఎండ పసుపు పచ్చగా వాలుతోంది. అప్పుడు మెడ నొప్పి పెడుతున్నా తల ఎత్తి చూసింది. ఆకాశంలో ఏమీ లేదు. మిల్లు పొగ, రెండు కొంగలు. విడుపు అయిందో కాలేదో ఆమెకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

లోపలికి వచ్చి కిటికీల దుప్పట్లు విప్పింది. ఖాళీ మంచం మీద పక్కబట్ట ముడత లేకుండా సర్ది ఉంది. విడుపు అయినా కాకపోయినా, ముట్టని నీళ్లు పారబోయాలి గదా అని మంచం పక్కన ఉన్న రాగిచెంబు అందుకుంది.

చెంబు తేలికగా పైకి లేచింది. లోపల సగానికి తక్కువగా నీళ్లు అటూ ఇటూ కదిలాయి. మూత మీద రెండు గరికపోచలు, తాను పొద్దున పెట్టినట్టే, ఒకటి అడ్డం, ఒకటి నిలువు.