గంటన్నర దారి

కుర్చీ ఎడమ చక్రం కిర్రుమంటుంటే అతను వంగి, అరచేత్తో ఒక్క తట్టు తట్టి మళ్లీ తోశాడు. కుర్చీలో ముసలాయన చేతికర్రను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని అడిగాడు.

"ఎంతసేపు పడుతుందయ్యా?"

"గంటన్నరండీ. ఓ కునుకు తీసేలోగా దిగిపోతారు."

ముసలాయన వెళ్లే ఊరి విమానం ఎక్కే వాళ్లందరికీ అతను చెప్పే మాట అదే. తోటివాళ్లు అతనికి గంటన్నర అనే పేరే ఖాయం చేశారు. విమానం గుమ్మం దాకా కుర్చీ తోయడమే తప్ప, ఆ గుమ్మం దాటి అతనెప్పుడూ కాలు పెట్టలేదు.

అటు చివర, ఆ ఊరి విమానాశ్రయంలో, కుర్చీ తోసేది అతని తమ్ముడు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. అన్నదమ్ములకు మాటల్లేవు. అమ్మ పోయిన రోజు తమ్ముడికి కబురు పెట్టి, గంటన్నర దారే కదా, రాదలచుకుంటే మధ్యాహ్నానికి రాడా అనుకున్నాడు. సాయంత్రం దాకా చూసి, కోపంతో దహనం కానిచ్చేశాడు. పొద్దస్తమానం విమానాల వేళలే చెవిన పడే మనిషికి, తమ్ముడు రైల్లో వస్తాడని తట్టనే లేదు. ఆ రాత్రంతా, మర్నాడు పగలంతా రైల్లో కూర్చుని వచ్చిన తమ్ముడు సంచీ దించకుండానే అన్నాడు.

"నీ గంటన్నర నా జేబుకు అందదన్నయ్యా."

దండెం మీదున్న అమ్మ శాలువా తీసుకుని వెళ్లిపోయాడు.

ఆర్నెల్లకు ఆ శాలువా ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని ఇటొచ్చింది. "అక్కడ కుర్చీ తోసినతను కప్పాడు. ఇక్కడ గంటన్నరకు ఇచ్చేయమన్నాడు," అందావిడ. అతను దాన్ని దులిపి, మడిచి, అటు వెళ్లే ఇంకొకరికి కప్పి పంపాడు. అప్పట్నుంచీ అది అటూ ఇటూ ఎగురుతూనే ఉంది. ఫోను మాత్రం ఇద్దరూ చెయ్యలేదు. శాలువా వచ్చిందంటే తమ్ముడు కులాసాగా ఉన్నట్టే.

ఈసారి వారం దాటినా రాలేదు.

"ఏం గంటన్నరా, శాలువా దారి తప్పిందా?" అన్నాడు సామాన్లు మోసేవాడు టీ అందిస్తూ.

"వస్తుందిలే."

అన్నాడే గానీ, పని దిగగానే ఫోను చేసేద్దామనుకున్నాడు. మాట ఎక్కణ్నుంచి ఎత్తుకోవాలో మాత్రం తేలలేదు.

మధ్యాహ్నం విమానంలో శాలువా వచ్చింది. కప్పుకున్న పెద్దావిడ అతని ముఖం చూస్తూ మెల్లగా చెప్పింది.

"అక్కడ కొత్తతను తోశాడు బాబూ. ఇది ఇక్కడి గంటన్నరకు చేరాలట. పాతతను పోయాడట. కుర్చీ తోసుకొచ్చి, అందులోనే కాసేపు కూర్చున్నాడట. మళ్లీ లేవలేదట. మీకు ఏమవుతాడు?"

"తమ్ముడండీ. ఎప్పుడు?"

"నాలుగు రోజులైందట. అయినవాళ్లున్నారో లేరో ఎవరికీ తెలియక, వాళ్లే అంతా చేసేశారట."

అతను ఆవిణ్ని కారు దాకా తోశాడు. "తల జాగ్రత్తండీ," అని తలుపు పట్టుకున్నాడు.

సాయంత్రం ఆ ఊరికే వెళ్లే ఒకామెకు అలవాటు కొద్దీ శాలువా కప్పాడు. విమానం గుమ్మం దగ్గర ఆమె అతని చెయ్యి పట్టుకుని లేచింది.

"ఇది అక్కడెవరికైనా ఇవ్వాలా?"

"అక్కర్లేదమ్మా."

ఆమె దాన్ని కుర్చీలోనే వదిలింది. "ఎంతసేపు ప్రయాణం?"



"దూరమేనమ్మా."

తలుపు పడింది. అతను వెనక్కి తిరిగి, ఉత్త చేతులతో నడిచి వెళ్లాడు. ఖాళీ కుర్చీలో శాలువా, ఒక కొస జారి, ఎడమ చక్రానికి ఆనుకుని వేలాడుతోంది.