మూడో అంతస్తు లెక్క

మూడో అంతస్తులో నలభై మూడు మంది అమ్మాయిలు. వాళ్లందరికీ కలిపి లీడరక్క ఒక్కతే.

ఆ యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్లో అంతస్తుకొక సీనియర్ విద్యార్థినిని లీడర్‌గా పెడతారు. మెట్ల పక్క గది ఆమెకిస్తారు. తన చదువు తను చదువుకుంటూనే ఆ అంతస్తు ఆలనాపాలనా చూసుకోవాలి. గీజర్ పాడైనా, గదిలో ఇద్దరికి పడకపోయినా, ఎవరికైనా జ్వరం తగిలినా అందరూ తట్టేది ఆ తలుపే. మన లీడరక్క గణితం ఆఖరి సంవత్సరం. మాట తక్కువ, చెయ్యి చురుకు. ఏ పని పట్టుకున్నా ఉడుంపట్టే. రెండేళ్లలో తన అంతస్తు మీద ఒక్క ఫిర్యాదు రానివ్వలేదన్న గర్వం కూడా లోపల కొంచెం ఉంది. ఎవరితోనూ అనేది కాదు.

ఆ శనివారం ఉదయం ఏడున్నరకి ఫైర్ డ్రిల్ గంట మోగింది. నిజంగా నిప్పు అంటుకుంటే అందరూ ఎంతసేపట్లో కిందికి దిగగలరో చూసే పరీక్ష అది. లీడరక్క చేతిలో పేర్ల జాబితా, చెవి మీద పెన్ను. నడవ ఈ చివర నుంచి ఆ చివరికి తలుపులు దబదబా బాదుకుంటూ, వచ్చినవాళ్లకి టిక్కు పెట్టుకుంటూ పోయింది. ఆఖరి గది దగ్గర తట్టింది. పలుకు లేదు. మళ్లీ తట్టింది. వెళ్లిపోయి ఉంటుందిలే అనుకుని టిక్కు పెట్టేసి మెట్లు దిగింది.

కింద ఆవరణలో వార్డెన్ మేడం గడియారం చూసుకుంటోంది. పక్కన ఫైర్ ఆఫీసరు.

"మూడో అంతస్తు ఖాళీ మేడం. నలభై మూడు."

"ఏడు నిమిషాలు! అన్నిటికంటే ముందు మీదే," అని మేడం మురిసిపోయింది. లీడరక్క సంతకం పెట్టింది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు.

తీరా అందరూ పైకెక్కేసరికి, నడవ మధ్యలో తలకి తువ్వాలు చుట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. అటూ ఇటూ చూస్తోంది. తెరిచిన తలుపులు, ఖాళీ గదులు.

"అక్కా, అందరూ ఎక్కడికెళ్లారు?" అని అడిగింది.

లీడరక్క జాబితా విప్పి చూసుకుంది. ఆఖరి పేరు పక్కన టిక్కు ఉంది.

ఆ అమ్మాయి ఆఖరి గదిలో ఒక్కతే ఉండే పిల్ల. ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం. ముడిలో ఎప్పుడూ పెన్సిల్ గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి అంతస్తంతా ఆమెని పెన్సిల్ అనే పిలుస్తుంది. నాలుగో ఏట జబ్బు చేసి వినికిడి పోయింది. చెవికి మిషను పెట్టుకుంటే కొంత వినిపిస్తుంది, ఎదుటివాళ్ల పెదాలు చూసి మిగతాది అందుకుంటుంది. స్నానానికి వెళ్లినప్పుడు మిషను తీసి గదిలో పెడుతుంది. ఈ సంగతులన్నీ లీడరక్కకి తెలుసు. చేరిన రోజు ఫారం నింపించింది తనే. అన్నీ తెలిసి కూడా, వినపడని పిల్ల తలుపు తట్టి, పలకలేదు కాబట్టి లేదనుకుంది.

"డ్రిల్ అయింది. నేను నిన్ను వదిలేసి వెళ్లాను," అంది, పెదాలు స్పష్టంగా కదుపుతూ.

పెన్సిల్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "ఓహో," అని గదిలోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

లీడరక్క నేరుగా వార్డెన్ గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. మేడం తలుపు దగ్గరగా వేసింది.

"రిపోర్టు పైకి వెళ్లిపోయింది. నిప్పు లేదు, పొగ లేదు. నువ్వెందుకమ్మా ఉత్తపుణ్యానికి పొగ పెడతావు?"

"నిప్పు ఉండి ఉంటే మేడం?"

"లేదుగా! ఇంకోసారి జాగ్రత్తగా ఉండు. అంతే."

పాము చావకుండా, కర్ర విరగకుండా ముగించెయ్యమని మేడం ఉద్దేశం. చెడ్డ మనిషేం కాదు, ప్రశాంతంగా రిటైరవ్వాలనుకుంటున్న మనిషి. లీడరక్క గదికొచ్చి వాళ్లమ్మకి ఫోన్ చేసింది. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. అమ్మ టైలరు.

అంతా విని, "కాగితం మీద నిజం రాసిస్తే ఏమవుతుంది?" అంది అమ్మ.

"లీడర్ పోస్టు పోవచ్చు."

"పోస్టు పోతే?"

"గదీ పోతుంది. ఇంటి నుంచి తిరగాలి. బస్సులో పోనూ రానూ నాలుగు గంటలు."

"నాలుగు గంటలు కూర్చుంటే నడుం నొప్పి వస్తుంది, అంతేగా. నాకు ముప్పై ఏళ్లుగా ఉంది, చచ్చానా? మిషను పక్కన చాప వేస్తాను, వచ్చి పడుకో." ఆ వెంటనే మళ్లీ, "ఆ పిల్ల తల్లికి ఈ సంగతి తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించావా?" అంది.

ఆలోచించింది కాబట్టే ఫోన్ చేసింది. ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాసింది. 'మూడో అంతస్తులో బయటికి వచ్చింది నలభై రెండు మంది. నలభై మూడని సంతకం పెట్టింది నేను. తప్పు నాది.' మేడం దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, వేడి గిన్నె పట్టుకున్నట్టు పైకి పంపింది. నాలుగు రోజులకి జవాబొచ్చింది. పోస్టు పోలేదు. హెచ్చరిక. వచ్చే డ్రిల్లులో మళ్లీ లెక్క తప్పితే పోస్టూ గదీ రెండూ ఖాళీ చెయ్యాలి.

సరేననుకుని లీడరక్క ఒక ఏర్పాటు ఆలోచించింది. పక్క గదిలో మంచి పిల్ల ఒకతి ఉంది. గంట మోగితే ఆ పిల్ల వెళ్లి పెన్సిల్ చెయ్యి పట్టుకుని కిందికి తీసుకురావాలి. ఆ మాట చెప్పడానికి పెన్సిల్ గదికి వెళ్లింది. పెన్సిల్ స్కేలు పెట్టి గీతలు గీస్తోంది. సాంతం విని స్కేలు పక్కన పెట్టింది.

"అక్కా, నేనేమన్నా గొడుగునా? వెళ్లేటప్పుడు మర్చిపోకుండా పట్టుకెళ్లమని ఒకళ్లకి చెప్పడానికి?"

ఆ పిల్ల మంచిదేనని లీడరక్క చెప్పబోయింది.

"ఆ పిల్ల ఊరెళ్తే? క్లాసులో ఉంటే? మా ఇద్దరికీ దెబ్బలాటై మాట్లాడుకోకపోతే?" పెన్సిల్ గొంతు ఎత్తూ పల్లం లేకుండా ఒకే తీరున సాగుతుంది, కోపమంతా కళ్లలోనే. "మా ఇంట్లో తలుపు దగ్గర మీట నొక్కితే నా గదిలో దీపం టపటపా వెలిగి ఆరుతుంది. గంటకి అలాంటి దీపం కలిపితే చాలు. నన్నెవరూ మోసుకెళ్లక్కర్లేదు. నా కాళ్లు బాగానే ఉన్నాయి."

"నిన్ను ముందే అడిగి ఉండాల్సింది," అంది లీడరక్క.

"అవును," అంది పెన్సిల్. మళ్లీ స్కేలు తీసుకుంది.

మర్నాటి నుంచి మొదలైంది మెయింటెనెన్స్ ఆఫీసు చుట్టూ ప్రదక్షిణ. అక్కడి ఆఫీసరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంటాడు. మొదటిసారి వెళ్తే, ఫారం వేరే ఉందన్నాడు. ఆ ఫారం తెస్తే వార్డెన్ సంతకం అన్నాడు. సంతకం తెస్తే, డాక్టరు కాగితమేది అన్నాడు. డాక్టరు కాగితం కూడా తెచ్చాక, ఇలాంటిది ఇదివరకు ఎవరూ అడగలేదు, చూడాలి అన్నాడు. లీడరక్క నోట్‌బుక్కులో ఒక పేజీ తీసి, వెళ్లిన ప్రతిసారీ తేదీ, ఆయన అన్న మాట రాసి పెట్టుకుంది. క్లాసుకీ క్లాసుకీ మధ్య దొరికే ఇరవై నిమిషాల్లో పరిగెత్తేది. ఒక టెస్టులో మార్కులు కూడా తగ్గాయి. స్నేహితురాళ్లు, "ఎందుకే నీకీ తద్దినం, తలా ఒక కన్నేసి ఉంచుతాంలే," అన్నారు. "నేనూ ఒక కన్ను వేసే ఉంచాను. అది సరిపోలేదు," అంది.

ఏడోసారి వెళ్తుంటే పెన్సిల్ తనంతట తానే చెప్పులేసుకుని వెంట వచ్చింది.

ఆఫీసరు లీడరక్కని చూడగానే ఉస్సురన్నాడు. పక్కనున్న అమ్మాయి ఎవరో పట్టించుకోలేదు. జుట్టు చెవుల మీద పడి మిషను కనిపించడం లేదు.

"చూద్దామన్నానుగా అమ్మా. దీపాలు, వైర్లు... ఇవన్నీ మా చేతిలో పనులా?"

"ఎవరి చేతిలో పనో చెప్పండి సార్, వాళ్ల దగ్గరికే వెళ్తాను."

ఆయన పక్క బల్ల వైపు తిరిగి, అక్కడున్న గుమాస్తాతో గొంతు తగ్గించి, "ఎన్నిసార్లు చెప్పినా ఇంతే, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు!" అన్నాడు.

లీడరక్కకి ఒక్క ముక్క వినపడలేదు. కానీ పెన్సిల్ ఆయన పెదాలవైపే చూస్తోంది.

"సార్," అంది బిగ్గరగా. "శంఖం వద్దనే మేమూ మొత్తుకుంటున్నాం. దీపం పెట్టించండి."

గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. పెన్సిల్ జుట్టు వెనక్కి తోసి చెవి మిషను చూపించింది. "ఆ కాగితంలో ఉన్న అమ్మాయిని నేనే. డ్రిల్ రోజు బాత్‌రూమ్‌లో ఉండిపోయింది కూడా నేనే."

గుమాస్తా నవ్వాపుకోలేక దగ్గాడు. ఆఫీసరు మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. "అయ్యో, అది ఊరికే సామెత... నా ఉద్దేశం..." అని నీళ్లు నమిలాడు. కాసేపు కాగితాలు అటూ ఇటూ జరిపి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "కూర్చోండమ్మా, ఇద్దరూ కూర్చోండి," అన్నాడు. ఆరుసార్లు వెళ్లినా లీడరక్కకి అక్కడ కుర్చీ దొరకడం అదే మొదలు. పావుగంటలో ఫైలు మీద సంతకం పడింది.

బయటికొచ్చాక ఇద్దరూ మెట్ల మీద కూలబడి కడుపుబ్బ నవ్వారు. నవ్వు ఆగాక, "నన్ను గొడుగులా చూశావని ఇంకా కోపం ఉంది," అంది పెన్సిల్. "ఉండనీ," అంది లీడరక్క.

వారం తిరక్కుండా హాస్టల్ ఎలక్ట్రీషియన్ నిచ్చెనతో దిగాడు. పెద్దవాడు, అందరూ మామయ్యా అంటారు. ఆఖరి గదిలో, మంచానికి ఎదురుగా దీపం బిగించి, గంట వైరుకి కలిపాడు. ఒకసారి నొక్కి చూపించాడు. గదంతా మెరుపులు మెరిసినట్టైంది.

"మరి బాత్‌రూమ్‌లో మామయ్యా?" అని అడిగింది లీడరక్క.

"కాగితంలో గది అనే ఉంది తల్లీ."

"ఆ రోజు తను ఉన్నది బాత్‌రూమ్‌లోనే కదా!"

"నిజమే. మా అత్తారిచ్చిన వైరైతే ఇప్పుడే వేసేద్దును. ఇది ఆఫీసు వైరు. రాసి తీసుకురా, మధ్యాహ్నానికి వేస్తాను."

లీడరక్క నిచ్చెనకి అడ్డంగా నిలబడింది. "నేను వచ్చేదాకా ఇది కిందికి దించొద్దు." పరుగున వెళ్లింది. ఆఫీసరు ఈసారి ఆమెని చూడగానే కలం తీశాడు. మూడో అంతస్తులోని మూడు బాత్‌రూముల్లోనూ, నడవలోనూ దీపాలు పెట్టాలని రాయించుకుని, సంతకం ఆరకముందే వెనక్కి వచ్చింది. మామయ్య నిచ్చెన మీదే కూర్చుని టీ తాగుతున్నాడు.

రెండో డ్రిల్ ఎప్పుడో ఎవరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం, సగంమంది క్లాసుల నుంచి అప్పుడే వచ్చి కాళ్లు చాపుకున్న వేళ, గంట మోగింది. నడవంతా దీపాలు టపటపలాడాయి. లీడరక్క జాబితా తీసుకుంది. ఈసారి తట్టి ఊరుకోలేదు. ప్రతి తలుపూ తెరిచింది. బీగం ఉన్న గదులకి తన దగ్గరున్న తాళంచెవి వాడింది. మంచాల కింద చూసింది, బాల్కనీల్లో చూసింది. పన్నెండో గదిలో ఒకమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గోడ వైపు తిరిగి పాఠం వల్లె వేసుకుంటోంది. దీపం ఆమె వీపు మీద పడుతోంది, గంట ఆమె చెవిన పడడం లేదు. భుజం పట్టి లేపి పంపించింది. బాత్‌రూములు మూడూ చూసి, ఆఖరి తలుపు మూసి, అప్పుడు మెట్లు దిగింది.

మిగతా అంతస్తులవాళ్లంతా అప్పటికే ఆవరణలో కబుర్లలో పడ్డారు. పెన్సిల్ వేళ్లకి ఇంకు మరకలతో పిట్టగోడ మీద కూర్చుని ఉంది. మూడో నిమిషానికల్లా దిగిందట. లీడరక్కని చూసి, ఇంతసేపా అన్నట్టు చెయ్యి ఊపింది.

లీడరక్క ఒక్కొక్కరి మొహం చూసి, పేరు పిలిచి, టిక్కు పెట్టింది. మధ్యలో లెక్క తప్పిందేమోనని అనుమానం వచ్చి మళ్లీ మొదటి నుంచి పిలిచింది.

"పదకొండు నిమిషాలు," అంది వార్డెన్ మేడం, మొహం చిన్నబుచ్చుకుని. "అందరికంటే ఆఖరు మీదే."

"అవును మేడం. మూడో అంతస్తు, నలభై మూడు. నలభై మూడు మందీ ఇక్కడే ఉన్నారు. కావాలంటే మీరూ లెక్కపెట్టండి."

ఫైర్ ఆఫీసరు నిజంగానే లెక్కపెట్టాడు, వేలు చూపిస్తూ. పెట్టాక పెన్ను ఆమె చేతికిచ్చాడు. "ఆలస్యం సంగతి వచ్చేసారి చూసుకుందాం. తలుపులు తెరవడానికి ఇంకొకరిని తోడు పెట్టుకో. ఇద్దరైతే ఆరు నిమిషాలు," అన్నాడు.

లీడరక్క సంతకం పెట్టింది. పోస్టు నిలిచింది, గదీ నిలిచింది. ఆ రాత్రి ఫోన్‌లో అమ్మ, "చాప దులిపి కూడా పెట్టానే," అని నిష్ఠూరమాడింది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె పుస్తకాలు సర్దుకుంటుంటే పెన్సిల్ తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక పెద్ద కాగితం చుట్ట. విప్పి మంచం మీద పరిచింది. హాస్టల్ మొత్తం కొలతలతో గీసి ఉంది. మిగతా మూడు అంతస్తుల్లో ఎక్కడెక్కడ దీపాలు కావాలో గుర్తులు కూడా ఉన్నాయి.

"రెండో అంతస్తుకి వచ్చే ఏడాది నాలాంటి పిల్ల ఎవరైనా రావచ్చు కదా," అంది.

లీడరక్క గడియారం చూసింది. క్లాసుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"పద," అంది, చెప్పులేసుకుంటూ.