బావమరిది రేటు

వంటింట్లో సింకు కింద పైపు కారడం మొదలైనప్పుడు టైలరు ఏమాత్రం కంగారుపడలేదు. సొంత బావమరిది ప్లంబరు. ఇంట్లో వైద్యుడుంటే జలుబుకు భయపడేవాడెవడు? పైపు కింద ఒక గిన్నె పెట్టి, "మీ తమ్ముడికి ఫోను చెయ్యి" అని భార్యతో చెప్పి కొట్టుకు వెళ్ళిపోయాడు.

బావమరిది ఆ సాయంత్రమే వచ్చాడు. వంగి సింకు కిందికి చూశాడు. పైపును వేలితో తట్టాడు. "వాషరు పోయింది. ఐదు నిమిషాల పని" అన్నాడు. తర్వాత అక్క ఇచ్చిన కాఫీ తాగి, అక్క పెట్టిన టిఫిను తిని, టీవీలో మ్యాచి సగం చూసి, పనిముట్ల సంచి తేలేదని గుర్తొచ్చి లేచాడు.

"ఎంతవుతుందోయ్?" అని టైలరు మాటవరసకు అడిగాడు.

బావమరిది రెండు చెవులూ మూసుకున్నాడు. "అక్క ఇంట్లో పని చేసి డబ్బులు తీసుకుంటానా బావా? ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ గడప తొక్కను."

టైలరు పొంగిపోయాడు. ఇలాంటి బావమరిది దొరకాలంటే పెట్టి పుట్టాలనుకున్నాడు.

రెండోసారి వచ్చినప్పుడు బావమరిది దగ్గర సంచి ఉంది గానీ, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా కూడా ఉంది. ఎవరిదో పెళ్ళికి వెళుతూ దారిలో దిగాడు. చొక్కా నలుగుతుందని వంగలేదు. నిలబడే పైపును పరామర్శించి వెళ్ళాడు. మూడోసారి మాత్రం నిజంగానే పనిలోకి దిగాడు. సింకు కింద వంకరగా ఉండే పైపు ముక్కను ఊడదీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "ఈ సైజు ఇప్పుడు రావడం లేదు. ఇది చూపించి తేవాలి" అని సంచిలో వేసుకున్నాడు. పైపుతో సహా మాయమయ్యాడు.

అంతవరకూ చుక్కలు చుక్కలుగా కారిన సింకు, ఇక దేనికీ పనికిరాకుండా పోయింది. అంట్లు స్నానాల గదిలోకి చేరాయి. టైలరు భార్య చిన్న పీట వేసుకుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని అక్కడే తోమేది. టైలరు కళ్ళనిండా నురగతో సబ్బు కోసం చెయ్యి చాపితే గరిటె అందేది.

తమ్ముడికి ఫోను చేస్తే, "దారిలోనే ఉన్నా అక్కా" అనేవాడు. ఎన్ని రోజులు నడిచినా తరగని దారి అది.

"కాస్త గట్టిగా అడగొచ్చుగా" అన్నాడు టైలరు.

"ఏమని అడగను? డబ్బులిచ్చే పనైతే పీక పట్టుకుని అడిగేదాన్ని. వాడు ఊరికే చేస్తానంటున్నాడు. పుణ్యానికి పుట్టెడు పెడితే పిచ్చకుంచమని పోట్లాడినట్టు ఉండదూ? అయినా మీరే అడగండి, మీ బావమరిదేగా."

టైలరు నీళ్ళు నమిలాడు. దానికో కారణం ఉంది. అతని కొట్లో కటింగు బల్ల మీద డబ్బులిచ్చేవాళ్ళ బట్టలు ఉంటాయి. బల్ల కింద, అన్నిటికంటే కింది అరలో, దుమ్ము పట్టిన గుడ్డలు కొన్ని ఉంటాయి. అవి చుట్టాలవి. వాటిలో అన్నిటికంటే అడుగున బావమరిది ప్యాంటు గుడ్డ ఉంది. వేసవి మొదట్లో ఇచ్చాడు. కుట్టుకూలి ఇవ్వబోతే టైలరు కూడా చెవులు మూసుకున్నాడు. ఆ తర్వాత బావమరిది ఎప్పుడడిగినా, "గుడ్డ నానబెట్టానోయ్. నానకపోతే తర్వాత పొట్టిదైపోతుంది" అంటూ వచ్చాడు. ఊరికే చేసే పని అరలో ఎక్కడికి దిగుతుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

చివరికి ఒకనాటి ఉదయం టైలరు భార్య, తోమిన గిన్నెల దొంతరతో తడిగచ్చు మీద జారింది. దెబ్బ పెద్దగా తగల్లేదు గానీ, పింగాణీ పళ్ళేలు ఒక్కటీ మిగల్లేదు. ఆవిడ ఆ ముక్కల మధ్య కూర్చునే తీర్పు చెప్పింది.

"ఇంక నావల్ల కాదు. ఎవరినో ఒకరిని పిలవండి. మా వాడికి మాత్రం తెలియకూడదు. తెలిస్తే నా మొహం చూడడు."

టైలరు, పైపులూ కుళాయిలూ అమ్మే కొట్టు దగ్గర వాకబు చేసి ఒక ప్లంబర్ని పట్టుకొచ్చాడు. బట్టతల పెద్దాయన, భారీ మనిషి. కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేలాడదీసుకున్నాడు. సింకు కింద ఖాళీని ఒక్కసారి చూసి, "చూసినందుకు రెండొందలు. పని చేస్తే అది కూలిలోనే కలిసిపోతుంది. మొత్తం తొమ్మిది వందలు. పైపు ధర వేరే" అన్నాడు.

"చూసినందుకు రెండొందలా? సినిమా చూసినా అంత కాదండీ" అన్నాడు టైలరు.

"సినిమా చూస్తే మీ సింకు బాగుపడదు కదా మాస్టారూ."

టైలరు తగ్గలేదు. బేరమంటే అతనికి నరనరానా తెలుసు, రోజూ గిరాకీలు తనతో ఆడేదే. పావుగంట పనికి ఇంతా అన్నాడు. పక్కవీధిలో ఐదొందలే అన్నాడు. మళ్ళీ మళ్ళీ పనులుంటాయి అన్నాడు. ఈ మూడు మాటలూ అతను ఇన్నేళ్ళుగా తన గిరాకీల నోట విన్నవే. చివరికి బేరం ఆరొందలకు తెగింది. బట్టతల ప్లంబరు నిట్టూర్చి, వెల్లకిలా పడుకుని, నడుం దాకా సింకు కిందికి దూరిపోయాడు.

సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. ఆవిడ తీసి చూస్తే తమ్ముడు. చేతిలో కాగితం చుట్టిన పైపు ముక్క, మొహం నిండా నవ్వు.

"దొరికిందక్కా. ఊరంతా గాలించా."

ఆవిడ తలుపు రెండు వైపులా చేతులు ఆనించి గుమ్మంలో నిలబడిపోయింది. "ఇప్పుడెందుకురా... సాయంత్రం రాకూడదూ?"

లోపల వంటింట్లో ఇనుము ఇనుముకు తగిలి ఖంగుమంది.

"లోపలెవరు?"

"మీ బావ" అంది ఆవిడ. టైలరు ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాడు.

తమ్ముడు బావను చూశాడు. బావ గోడను చూశాడు. అక్క చేతి కింద నుంచి దూరి తమ్ముడు వంటింట్లోకి నడిచాడు. వెనకాలే మొగుడూ పెళ్ళాం తేలు కుట్టిన దొంగల్లా నడిచారు. సింకు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి చాపుకుని ఉన్నాయి. ఇక ఈ గడప తొక్కడం అయిపోయినట్టేనని టైలరు అనుకున్నాడు.

బావమరిది గొంతుక్కూర్చుని ఆ కాళ్ళనే అడిగాడు. "ఎంతకు మాట్లాడుకున్నావన్నా?"

"ఆరొందలు" అంది సింకు కింద గొంతు. "తొమ్మిది చెప్పా. మాస్టారు వినలేదు."

బావమరిది మెల్లగా లేచి ఇటు తిరిగాడు. మొహం కందిపోయింది. "ఆరొందలా?"

"ఎక్కువేనోయ్, తెలుసు" అన్నాడు టైలరు గబగబా. "ఏం చెయ్యమంటావు, మీ అక్క జారిపడింది..."

"ఎక్కువా? ఈ పనికి తొమ్మిది వందలకు ఒక్కటి తగ్గినా గిట్టదు బావా. ఎవరింటికెళ్ళినా, పక్కవీధిలో ఇంతకే చేశారంటారు. ఆ పక్కవీధి మహానుభావుడెవడో దొరికితే నాలుగు దులుపుదామని చూస్తున్నా. చూడబోతే నువ్వేనన్నమాట."

టైలరు అప్పటికే మనసులో అల్లుకున్న అబద్ధాలు ఒక్కటీ ఈ కోపానికి సరిపోవు.

బట్టతల ప్లంబరు పాక్కుంటూ బయటికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని అందరినీ వరసగా చూశాడు. "బాబూ, నువ్వూ ప్లంబరేనా?"

"అవునన్నా. ఈయన బావమరిదిని."

"మరి నన్నెందుకు పిలిచారు?"

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వంగి సింకు కిందికి చూశారు. కొత్త పైపు లోంచి ఒక్క చుక్క కూడా రాలలేదు.

"నేను వీళ్ళకు ఊరికే చేస్తాను" అన్నాడు బావమరిది, నేల చూపులు చూస్తూ.

"అదీ సంగతి" అన్నాడు పెద్దాయన తాపీగా. "మా చెల్లెలింట్లో గీజరు నాలుగేళ్ళుగా నేనే బాగుచేస్తున్నా. ఇంకా అవలేదు."

టైలరుకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో నోరు జారింది. "నీ ప్యాంటూ అంతేనోయ్."

"కుట్టలేదా? నానబెట్టానన్నావు?"

"నానుతోంది."

"వేసవి నుంచీనా?"

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తప్పు ఎవరిదో తేల్చడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. అప్పుడు ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి డబ్బు తెచ్చింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని అందులో పెట్టింది.

"చూసినందుకు రెండొందలట కదా. నువ్వు మూడుసార్లు చూశావు. ఉంచుకో."

తమ్ముడు చెయ్యి లాగేసుకోబోయాడు. ఈసారి చెవులు మూసుకోలేదు. "నేను పని నేర్చుకునేటప్పుడు ఫీజులు నువ్వు కట్టావు కదక్కా. నీ దగ్గర తీసుకుంటే చెయ్యి కాలదూ?"

"అది నేనిచ్చిన అప్పనుకున్నావా, తీర్చుకోవడానికి? ఉంచుకోరా. నువ్వు డబ్బులు తీసుకుంటేనే నేను నిన్ను తిట్టగలిగేది. ఊరికే చేస్తున్నాడు, ఏమంటే ఏం బాధపడతాడోనని ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నా. ఎన్ని తిట్లు మిగిలిపోయాయో తెలుసా?"

"అయితే తిట్టు."

"ముందు జేబులో పెట్టుకో."

పెట్టుకున్నాడు. ఆవిడ మొదలుపెట్టింది. దారిలో ఉన్నానన్న అబద్ధాల నుంచి, ఇస్త్రీ చొక్కా నుంచి, తిన్న టిఫిన్ల మీదుగా, పగిలిన పళ్ళేల దాకా, ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగలేదు. తమ్ముడు తల వంచుకుని, వాన కింద నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. బట్టతల ప్లంబరు మధ్యలో వెళితే మర్యాదగా ఉండదని సంచి పట్టుకుని చివరిదాకా ఉన్నాడు. అంతా అయ్యాక ఆవిడ మొహం తేటపడింది. చాన్నాళ్ళ తర్వాత తమ్ముడిని తేరిపార చూసి, "చిక్కిపోయావురా" అంది.

పెద్దాయనకు తొమ్మిది వందలూ, పైపు ధరా ఇప్పించేదాకా బావమరిది కదల్లేదు. టైలరు లెక్కపెట్టి ఇస్తుంటే పక్కన నిలబడి చూశాడు. ప్లంబర్లిద్దరూ కలిసే వెళ్ళారు. మెట్ల మీద వాళ్ళ మాటలు వినిపించాయి. ఎవరు ఏ ఇంట్లో ఎలా బేరమాడతారో చెప్పుకుంటున్నారు. ఒకచోట ఇద్దరూ పడీపడీ నవ్వారు. అది తన గురించేనని టైలరుకు అనుమానం వచ్చింది గానీ, పిలిచి అడగలేదు.

ఆ వారమే ప్యాంటు బల్ల మీదికెక్కింది. కుట్టుకూలి చెబితే బావమరిది గుండె పట్టుకున్నాడు. "రెండు గొట్టాలు కుట్టినందుకు ఇంతా?" అన్నాడు. పక్కవీధిలో ఇంకా తక్కువన్నాడు. టైలరు ఒక్కటి కూడా తగ్గలేదు. నడుం దగ్గర కాస్త బిగువైందని బావమరిది గొడవ పెట్టుకుంటే, డబ్బులిచ్చిన మనిషి కదా అని మర్నాటికల్లా విప్పి సరిచేసి ఇచ్చాడు. చుట్టాలలో ఒకడికి ఒక పని అంత త్వరగా చేసివ్వడం అతని జీవితంలో అదే మొదలు.

ఆ తర్వాత స్నానాల గదిలో కుళాయి పోయింది. ఆవిడ ఫోను చేస్తే తమ్ముడు చెప్పిన వేళకు, సంచితో, పాత చొక్కాతో వచ్చాడు. పని ముగించి, డబ్బు తీసుకునేటప్పుడు చేదు మందు మింగేవాడిలా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇంకోసారి ట్యాంకులో నీళ్ళమీద తేలే బంతి మార్చడానికి వచ్చినప్పుడు మొహం తిప్పుకోలేదు. ఆ పైసారి అక్క ఎదుటే వేలు తడిచేసుకుని నోట్లు లెక్కపెట్టుకున్నాడు. అది చూసి ఆవిడ, తమ్ముడు చేతికొచ్చాడని మురిసిపోయింది.