కుట్టినవాడి సీటు

సుద్దముక్కతో గీసిన గీత మీదుగా కత్తెర నడుస్తోంది. నీలం రెగ్జిన్ చిన్నగా కరకరలాడుతూ రెండుగా విడిపోతోంది. సీట్ల మేస్త్రి పెదవుల మధ్య రెండు గుండుసూదులు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, మలుపు దగ్గర కత్తెరను అలాగే ఉంచి గుడ్డను తిప్పాడు. నలభై రెండేళ్ళుగా అంతే. కత్తెర తిప్పేవాడు దర్జీ, గుడ్డ తిప్పేవాడు మేస్త్రి అని ఆయన సిద్ధాంతం. పక్కన దర్జీలు ఎవరైనా ఉంటే మాత్రం ఆ మాట అనడు.

కొట్టు పది అడుగుల వెడల్పు. గోడవారన రెగ్జిన్ చుట్టలు, అటక మీద స్పాంజి పలకలు, బల్ల మీద బంక డబ్బా, మధ్యలో నల్లటి కుట్టుమిషను. దాని మీదికి వంగీ వంగీ మేస్త్రి కుడిభుజం రెండంగుళాలు కిందికి దిగిపోయింది. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో సూది దిగి రెండుగా చీలింది. ఆ గోరు అలాగే పెరుగుతూ వచ్చింది. ఆయన ఆ చీలికలో దారం ఇరికించి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. దెబ్బ తగిలితే దాన్ని కూడా పనిముట్టుగా వాడుకునే రకం.

పొద్దుటి నుంచీ ఎడమచెయ్యి తిమ్మిరిగా ఉంది. రెండుసార్లు విదిలించాడు. తిమ్మిరి పోలేదు, ఆయనా పని ఆపలేదు.

"మేస్త్రీ, నా కారు సీట్లు సాయంత్రానికి ఇచ్చేస్తారా?" గుమ్మంలో నిలబడి మందుల షాపు ఆయన అడిగాడు.

"ఇవ్వను."

"పోనీ, రేపు?"

"ఎల్లుండి రండి. ఇవాళ వేరేవాళ్ళ పనుంది."

"నాకంటే ముందొచ్చిన ఆ వేరేవాళ్ళు ఎవరండీ బాబూ?"

మేస్త్రి నోట్లోంచి గుండుసూదులు తీసి, "నేనే" అన్నాడు.

"మీకూ కారుందా?"

"నాలుగున్నాయి. మూడింటిని వేరేవాళ్ళు నడుపుతున్నారు, అంతే తేడా."

మందుల షాపు ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మేస్త్రి నవ్వలేదు. తన మట్టుకు ఆయన ఉన్న మాటే చెప్పాడు.

మొదటిది తెల్లది. పెళ్ళయిన ఏడాది కొన్నాడు. అప్పటికే అది మూడు చేతులు మారింది. ముందు సీటు బెంచీలాగా ఒకటే పొడుగు, గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు ముగ్గురు హాయిగా పట్టేవాళ్ళు. కానీ ఎప్పుడూ ఇద్దరే ఎక్కేవాళ్ళు. భార్య తలుపు పక్కన బోలెడంత చోటు వదిలేసి మధ్యలోకి జరిగి కూర్చునేది. "అటు జరగొచ్చుగా" అని ఆయన ఒక్కనాడూ అనలేదు. కొట్టు పెట్టడానికి ఆ కారు అమ్మేశాడు. ఇప్పుడున్న కుట్టుమిషను ఆ డబ్బుతో వచ్చిందే. దానికి నూనె వేసేటప్పుడల్లా బెంచీ సీటు గుర్తొస్తుంది.

రెండోది ఆకుపచ్చది. నాలుగు కిటికీలకీ కలిపి తిప్పుడు పిడి ఒక్కటే మిగిలింది. ఎండ ఎక్కితే ఆ పిడి కారంతా చేతులు మారేది. నాలుగేళ్ళ కూతురు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇవ్వకుండా బతిమాలించుకునేది. ఆ కూతురు కాలేజీలో చేరినప్పుడు ఆకుపచ్చ బండి వెళ్ళిపోయింది. కొన్నవాడు తిప్పుడు పిడి అడిగితే, సర్దిపెట్టిన పెట్టెలో అది కూతురి పుస్తకాల మధ్య దొరికింది.

మూడోది ముదురు ఎరుపు. మహా పొగరుబోతు. ఎడమ పక్కకి తిప్పితే చాలు, హారను దానంతటదే మోగేది. ఎందరు మెకానిక్కులు చూసినా ఆ రోగం కుదరలేదు. ఇంటికి వచ్చే మలుపు ఎడమ పక్కకే. సాయంత్రం ఆ మోత వినపడగానే భార్య స్టవ్ వెలిగించేది. ఆమె మోకాలి ఆపరేషనుకి ఆ బండి పోయింది. ఆమె లేచి నడిచింది. అమ్మినందుకు మేస్త్రి ఏనాడూ చింతించలేదు, కానీ ఆ తర్వాత చాలాకాలం సాయంత్రాలు టీ ఆలస్యమయ్యేది.

వీటన్నిటికీ ఒక పద్ధతి ఉండేది. బండి తన దగ్గర ఉన్నన్నాళ్ళూ చిరుగులు పడిన పాత సీట్లే. ఊళ్ళో వాళ్ళకి కుట్టడానికే రోజు చాలదు, సొంత పనికి తీరికెక్కడ? అమ్మే ముందు మాత్రం వారం రోజులు కూర్చుని కొత్త సీట్లు కుట్టి మరీ ఇచ్చేవాడు. పాత సీట్లతో పంపిస్తే మేస్త్రి బండి ఇంతేనా అంటారని రోషం. ఇంట్లో అదొక గుర్తయిపోయింది. కొత్త సీట్లు వచ్చాయంటే బండి వెళ్ళిపోతోందని.

నాలుగోది నీలం. పదేళ్ళ కిందట కొన్నాడు. ఒకరోజు జోరువానలో నడిరోడ్డు మీద ఆగిపోతే, భార్య చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఇంటిదాకా నడిచి వచ్చి, "మళ్ళీ ఆ సవతి ఒళ్ళో కూర్చుంటే మీ మీద ఒట్టు" అంది. మాటకి కట్టుబడింది కూడా. రెండేళ్ళుగా నీలం బండి ఇంటి ముందు, గోడవారన కదలకుండా ఉంది. ఆరు రోజుల కిందట మున్సిపాలిటీ వాళ్ళు దాని అద్దం మీద పసుపు కాగితం అంటించారు. కదలని వాహనం, వారంలోగా తీయనిచో తీసుకుపోబడును. ఈరోజుతో వారం.

ఆ కాగితం అంటించిన రోజే మేస్త్రి నీలం రెగ్జిన్ దింపాడు. అది చూసి భార్య కూతురికి ఫోన్ చేసి, "మీ నాన్న కొత్త సీట్లు మొదలుపెట్టారే" అంది. కూతురికి ఇంకేం చెప్పక్కర్లేదు. తండ్రి ఒప్పుకున్నాడనుకుంది. ఆయనతో ఆ మాట ఎత్తి బాధపెట్టడం ఎందుకని నేరుగా మున్సిపాలిటీకే ఫోన్ చేసి, ఏడో రోజు సాయంత్రం వచ్చి తీసుకెళ్ళమంది.

మధ్యాహ్నం మేస్త్రి కొట్టు మూసి, చివరి సీటు తొడుగు భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. వెనక సీటు, పక్క సీటు అప్పటికే పూర్తయ్యాయి. మిగిలింది డ్రైవరు సీటు. తొడుగు లాగి, మూలలు సర్ది, చేత్తో కుట్టాల్సిన అంచు కోసం వంకర సూది తీశాడు. సూదిలో దారం ఎక్కించడానికి మామూలుగా ఒక్క క్షణం పడుతుంది. ఇవాళ నాలుగుసార్లు తప్పింది.

మూడింటికి కూతురు వచ్చింది. కారు తలుపు మీద చెయ్యి వేసి లోపలికి వంగి చూసింది.

"భలే కుట్టావు నాన్నా. పంపించేముందు ఒక ఫొటో తీసుకుందాం."

"ఎక్కడికి పంపిస్తున్నాం?"

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి గుమ్మంలోంచి, "మీరు సీట్లు కుడుతున్నారుగా మరి" అంది.

మేస్త్రికి విషయం అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత ఆయన గొంతు వీధి చివరిదాకా వినపడింది.

"నలభై రెండేళ్ళ నుంచి కుడుతున్నాను. ఎవరెవరో కూర్చున్నారు. పెళ్ళికొడుకులు కూర్చున్నారు, డాక్టర్లు కూర్చున్నారు, కుక్కలు కూడా కూర్చున్నాయి. నా మూడు బండ్లకీ కొత్త సీట్లు కుట్టి ఎవరికో ఇచ్చాను. నా కుట్టు మీద నేను ఒక్కరోజైనా కూర్చున్నానా? ఇవి అమ్మడానికి కాదు. నాకు!"

"అది నడవదు కదా నాన్నా..."

"నడిపించుకుంటాను. ముందు కూర్చోనివ్వు."

కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫోన్ చేసింది తనేనని చెబుదామనుకునేలోపు వీధి మొగలో లారీ మలుపు తిరిగింది. వెనక కొక్కెం, గొలుసులు గలగలలాడుతున్నాయి. మేస్త్రి ఆమె ముఖం చూశాడు, లారీని చూశాడు. డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

లారీ డ్రైవరు దిగి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, చంకలో నోటుపుస్తకం.

"పెద్దాయనా, దిగండి. బండి ఎత్తాలి."

"ఎత్తు. నేను దిగను."

"అలాగైతే ఎలాగండీ?"

"నీ లారీ సీటు పోయిన ఏడాది ఎవరు కుట్టారు?"

డ్రైవరు వంగి ముఖం చూసి, "అరె, మేస్త్రిగారా!" అన్నాడు.

"కుడుతున్నంతసేపూ పక్కన నిలబడి నువ్వే చెప్పావు. మనిషి కూర్చున్న బండిని ఎత్తకూడదు, అది రూలు అని. నేను కూర్చున్నాను. రూలు మారిందా?"

మారలేదు. డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. "ఎంతసేపని కూర్చుంటారు?"

"నీ డ్యూటీ ఎంతవరకు?"

"ఆరింటిదాకా."

"నాదీ ఆరింటిదాకానే."

డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. లారీ పక్కన పెట్టి, తనూ సీట్లో వెనక్కి వాలాడు. వీధిలో ఇద్దరు మనుషులు, చెరొక బండిలో, ఇద్దరూ మేస్త్రి కుట్టు మీదే కూర్చున్నారు. కాసేపటికి భార్య రెండు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి లారీ డ్రైవరుకి ఇచ్చింది. రెండోది కిటికీలోంచి భర్తకి అందించింది.

"ఎలా ఉంది మహారాజావారికి?"

"ఎక్కి చూడు. పక్క సీటు ఖాళీగానే ఉంది."

"నాకు ఒట్టుంది" అంటూ ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు మాత్రం పక్క సీటు అంచు మీద ఒకసారి చెయ్యి వేసి చూసింది.

మేస్త్రి నడుము వాల్చాడు. ఇంత మెత్తగా ఉంటుందని తెలియదు. స్పాంజి నడుము దగ్గర సరిగ్గా పొంగింది, తొడల కింద సరిగ్గా లొంగింది. తను ఇంత బాగా కుడతాడా? ఎవరూ ఎప్పుడూ చెప్పలేదేం? చెప్పే ఉంటారు. ఉత్త పొగడ్తలనుకుని తను వినిపించుకోలేదు. ఇవాళ వీపు చెబుతుంటే నమ్మక తప్పలేదు. మూడు బండ్లనూ ఇలా కూర్చోకుండానే పంపించేశానే అని మొదటిసారి గట్టిగా దుఃఖం వచ్చింది. మోకాలు మళ్ళీ మళ్ళీ బాగుచేయించాల్సి వచ్చినా ఎర్ర బండిని అమ్ముతాడు. కానీ అమ్మేముందు ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు కూర్చుని ఉండాల్సింది.

ఆరయింది. డ్రైవరు నోటుపుస్తకం తెరిచి, 'మనిషి ఉన్నారు, ఎత్తలేదు' అని రాసుకున్నాడు. "మళ్ళీ వస్తాను మేస్త్రిగారూ. నా ఉద్యోగం అలాంటిది."

"రా. నేనిక్కడే ఉంటాను."

లారీ వెళ్ళిపోయింది. ఇంకా ఎండ ఉంది. తలుపు పక్క అంచు జానెడు మిగిలింది. మేస్త్రి దిగకుండానే పక్కకి వంగి, చీలిన గోటిలో దారం ఇరికించి, కుట్టడం మొదలుపెట్టాడు. ఒక కుట్టు, ఇంకో కుట్టు. సగానికి పైగా కుట్టాక అలసటగా అనిపించి వెనక్కి వాలాడు.

భార్య అన్నానికి పిలవడానికి వచ్చింది. ఆయన తల కొత్త సీటుకి ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. "నిద్రపోడానికి మంచం లేదూ?" అంటూ భుజం తట్టింది. చెయ్యి తియ్యకుండా అలాగే చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత కూతుర్ని పిలిచింది.

ఐదో రోజు పొద్దున లారీ మళ్ళీ వచ్చింది. కూతురు తాళంచెవి పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఐదు రోజులుగా ఆమెను ఒకటే మాట తొలుస్తోంది, ఆ ఫోన్ చెయ్యకుండా ఉండాల్సిందని. ఇప్పుడు ఆ బండి కళ్ళెదుట లేకపోతే చాలనిపించింది. డ్రైవరు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"తెలిసిందమ్మా. పైవాళ్ళు ఊరుకోరు, రాక తప్పలేదు."

"తీసుకెళ్ళండి" అంది కూతురు.

అప్పుడు కారు హారను మోగింది. గొంతు జీరబోయినట్టు, ఉందా లేదా అన్నట్టు మోగింది. ఇద్దరూ తిరిగి చూశారు. పక్క సీట్లో తల్లి కూర్చుని ఉంది. స్టీరింగు మీదినుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, ఏమిటిది? నీకు ఒట్టుంది కదా?"

"ఒట్టు ఎవరి మీద వేశానో ఆయనే లేరు. ఇంక ఎవరికి భయపడాలి?" తల్లి డ్రైవరు వైపు తిరిగింది. "బాబూ, ఈ మోకాలి కోసం ఆయన ఒక బండి పోగొట్టుకున్నారు. ఆ మోకాలితోనే నడిచి వచ్చి ఇందులో కూర్చున్నాను. నన్ను ఎత్తగలిగితే బండినీ ఎత్తు."

డ్రైవరు టోపీ పెట్టుకున్నాడు. నోటుపుస్తకం తెరిచి, తల్లికి వినపడేలా చదువుతూ రాశాడు. "మనిషి ఉన్నారు, ఎత్తలేదు."

"రేపూ వస్తారమ్మా" అంది కూతురు.

"రేపూ కూర్చుంటాను. ఈలోపు మెకానిక్కుని పిలు. కదిలితే కదలని బండి అనడానికి ఎవడికి నోరుంటుందో చూస్తాను."

కూతురు లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు, పాత గుడ్డ తెచ్చింది. అద్దం మీద పసుపు కాగితాన్ని తడిపి గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది. అది ఒక పట్టాన రాలేదు. ఆమె మానలేదు.

తల్లి పక్క సీట్లోంచి ఒరిగి డ్రైవరు సీటు మీద దుమ్ము చేత్తో దులిపింది, తలుపు పక్క అంచు దాకా వచ్చి ఆగింది. అక్కడ బెత్తెడు కుట్టు మిగిలి ఉంది. దాని చివర నీలం దారంతో వంకర సూది, గుచ్చినచోటే, అలాగే ఉంది.