బూడిదరంగు పరదా

వ్యాపారంలో నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. స్థలం తినేస్తూ గిరాకీని తరిమే సరుకును దుకాణంలో ఉంచకూడదు. ఆ ఉదయం మా ఆవిడ దాన్ని నామీదే ప్రయోగించింది.

"ఇవాళ హోటలావిడ ముందు పిట్ట గనక గొడవ చేసిందో, అప్పటికప్పుడు వికలాంగుల హోమ్‌కి ఫోన్ చేసి తీసుకెళ్లమంటాను. మీరు అడ్డు రాకూడదు. సరేనా?"

"సరే," అన్నాను.

పిట్ట నా చెల్లెలు. పుట్టుకతోనే కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మాట ముద్దముద్దగా వస్తుంది. అమ్మ పోయాక మా పరదాల దుకాణంలోనే, వెనక బల్ల దగ్గర కూర్చుంటోంది. దర్జీ పారేసిన గుడ్డముక్కల్ని ఎడమచేత్తో అట్టల మీద పరుస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి కేకలు మొదలుపెడితే గిరాకీ మెట్లు దిగిపోతుంది. మొన్ననే ఒకాయన దిగిపోయాడు. మా ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు.

హోటలావిడ తన హోటల్ గదులన్నిటికీ పరదాలు ఎంచుకోవడానికి వస్తోంది. కడ్డీకి గుడ్డలు నేనే వేలాడదీశాను. ఆ పని ఎవరికీ అప్పగించను. ముదురు నీలం, పసుపు పక్కపక్కనే పెడితే రెండూ కొట్టుకుంటాయి. మధ్యలో ఓ చచ్చు బూడిదరంగు వేస్తే రెండూ వెలుగుతాయి. "అమ్ముడుపోని సరుకు ముందెందుకండీ?" అని మా ఆవిడ ఏళ్లుగా సణుగుతోంది. నేను వినిపించుకోకుండా తర్వాతి గుడ్డ తగిలిస్తాను.

హోటలావిడ వచ్చింది. చాలాసేపు చూసింది. ముఖం విచ్చుకుంటుండగా వేలు చూపించి, "అది తీసెయ్యండి. మసిగుడ్డలా ఉంది," అంది.

గిరాకీ మాట కాదనలేను. బూడిదరంగు లాగేశాను. వెంటనే నీలం నల్లబడింది, పసుపు వెలవెలబోయింది. ఏం జరిగిందో ఆవిడకు తెలియలేదు గానీ, చూపు గోడ గడియారం మీదికి పోయింది. చేతిసంచీ భుజానికి తగిలించుకుంది.

"అన్నా!"

వెనక కుర్చీ పడిన చప్పుడు. కాలీడ్చుకుంటూ పిట్ట వచ్చేస్తోంది.

"కూర్చో పిట్టా!" అన్నాను పళ్లు బిగించి.

"పెట్టు! అది... పెట్టు!"

నా చేతిలోని గుడ్డ పట్టుకుని లాగింది. నేను వదల్లేదు. అదీ వదల్లేదు. కాలు మడతపడి కడ్డీ మీదికి తూలింది. పరదాలన్నీ దానితోపాటే నేలకూలాయి.

"అయ్యో, దెబ్బ తగిలిందేమో చూడండి," అంటూ హోటలావిడ వెనక్కి జరిగింది. మా ఆవిడ నావంక ఒక్క చూపు చూసి ఫోన్ తీసింది.

పిట్ట ఏడవలేదు. నేల మీదే నీలం పరిచింది. పసుపును పక్కకు లాక్కుంది. బూడిదరంగును పళ్లతో పట్టుకుని, ఎడమచేత్తో మడిచి మడిచి, వేలెడు వెడల్పు చేసి రెంటి మధ్యా పెట్టింది.

ఇన్నేళ్లూ నేను దాన్ని నిండు వెడల్పున వేలాడదీశాను. అందుకే మసిగుడ్డలా కనబడింది. వేలెడు చాలని నాకు తట్టనే లేదు.

పక్కనే చతికిలబడ్డాను. తుప్పురంగు గుడ్డ అందించాను. "ఊహూ," అని చెయ్యి నెట్టేసింది. ఆకుపచ్చ అందించాను. అటూ ఇటూ చూసి తీసుకుంది.

"ఆకుపచ్చే అని ముందే అనుకున్నానే," అన్నాను.

"అబద్ధం," అంది పిట్ట. "నీకు... తొందర."

హోటలావిడ, "మళ్లీ వస్తాను లెండి," అని మెట్లు దిగింది. ఆ మాటకు వ్యాపారంలో అర్థం ఏమిటో నాకు తెలుసు. లేచి వెంటపడాలి. లేవలేదు.

"రింగవుతోంది," అంది మా ఆవిడ. "మీరు ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నాను. ఇప్పుడు కాదంటున్నాను."

"అంత పెద్ద ఆర్డరు పోయిందండీ!"

"పోయింది. అందుకు నన్ను తిట్టు. పిట్టని కాదు."

ఫోన్‌లో ఎవరో హలో, హలో అంటున్నారు. "ఏం చెప్పమంటారు?" అంది.

"దుకాణంలో దానికి పనుందని చెప్పు."

మా ఆవిడ నేల మీద పరిచిన గుడ్డలవైపు చూసింది. తర్వాత ఆ మాటే చెప్పి ఫోన్ పెట్టేసింది. కళ్లు తుడుచుకుని, "ముందా కడ్డీ ఎత్తండి. ఇంకెవరైనా వస్తే గుడ్డలు తొక్కుకుంటూ రావాలి," అంది.

"ఉండు," అన్నాం నేనూ పిట్టా ఇద్దరం, గుడ్డల మీంచి తలెత్తకుండానే.