వడ్రంగి ఇంటి తలుపులు

పట్టపగలు, అందరూ చూస్తుండగా ఆయమ్మ గది తలుపు ఎత్తుకుపోయారు.

తాళం పగలగొట్టలేదు, మేకు పీకలేదు. ఇల్లు కొనబోతున్న కాంట్రాక్టరు మనుషులిద్దరు అటూ ఇటూ పట్టుకుని పైకెత్తారు. తలుపు మడతబందుల్లోంచి ఊడొచ్చింది. లారీలో పడేసుకుని పోయారు. లోపల జ్వరంతో పడుకున్న ఆయమ్మ కూతురు దుప్పటి మీదికి లాక్కుంది. ఆస్పత్రిలో ఆయా డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన ఆయమ్మ గడపలో నిలబడి నోటికొచ్చిన తిట్టల్లా తిట్టింది. తిట్లకి లారీ ఆగుతుందా?

ఇల్లు అమ్మకం మాట్లాడదామని తమ్ముడితో వచ్చిన వడ్రంగి కూతురు వాకిట్లోంచి ఇదంతా చూసింది.

ఆ తలుపులు వాళ్ళ నాన్న చేసినవి. మధ్యలో వాకిలి, చుట్టూ అద్దె గదులు, పెచ్చులూడే గోడలు, కురిసే కప్పు. ఆయన పోతూ పిల్లలకి మిగిల్చిన ఆ కొంపలో గట్టిగా ఉన్నవి తలుపులొక్కటే. వానలకి చెక్క ఉబ్బి పట్టేస్తే, ఏటా ఎవరి తలుపు వాళ్ళే ఎత్తి వాకిట్లోకి తెచ్చేవాళ్ళు. ఆయన కూర్చుని వరసగా చిత్రిక పట్టేవాడు. ఆడవాళ్ళయినా సులువుగా ఎత్తగలగాలని కావాలనే అలా బిగించాడు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే మరి!

"తలుపు మనదే కదక్కా" అన్నాడు తమ్ముడు నేలచూపులు చూస్తూ. "ఖాళీ చేసిస్తే ఒక ధర, జనంతో అయితే ఇంకో ధర అన్నాడు కాంట్రాక్టరు. ఖాళీ చేయించుకోమన్నాను. పక్క వీధిలో ఇళ్ళు కూడా ఇట్లాగే కొంటున్నాడు."

తమ్ముడు చెడ్డవాడు కాదు. కొట్టు మూతపడి ఊరికే తిరుగుతున్నవాణ్ణి కాంట్రాక్టరు కుర్చీ వేసి 'మీరు' అనేసరికి ఒళ్ళు మరిచాడు. అక్కకి మాత్రం తక్కువ కష్టమా? బట్టల ఫ్యాక్టరీలో కుట్టి కుట్టి కళ్ళు మసకబారాయి. ఈ ఇల్లు మంచి ధరకి పోతే ఆ మిషను మీంచి లేవాలని ఆమె ఆశ. ఆ ఆశ తప్పని ఎవడనగలడు?

వాకిట్లో జనం చేరారు.

"ఓనరమ్మగారొచ్చారర్రా, లేచి నిలబడండి!" అన్నాడు కడ్డీ. కట్టే ఇళ్ళకి ఇనుప చువ్వలు కట్టే పనివాడు. మనిషీ చువ్వలాగే ఉంటాడని ఆ పేరు.

"ఓనరమ్మనేంటన్నా? నేనూ కూలిదాన్నే."

"మరి కూలోళ్ళ తలుపులెందుకు పీకిస్తున్నావ్?"

"నేను చెప్పలేదు!"

"ఇంటోళ్ళు సరేనన్నారని చెప్పే పీకారు" అంది ఆయమ్మ. "మీ ఫ్యాక్టరీలో ఒకదాన్ని పనిలోంచి తీసేస్తే అందరూ మిషన్లు ఆపి కూర్చున్నారంట కదా. ఇక్కడెవరాపాలి? చెప్పు తల్లీ!"

ఆ మాట సూదిలా దిగింది.

"అమ్ముకోవద్దనట్లేదు" అన్నాడు కడ్డీ. "మాకమ్ము. సంఘం పెట్టుకుని అందరం కలిసి కొంటాం. వాయిదాల్లో కడతాం."

తమ్ముడు నవ్వాడు. "అద్దే సరిగ్గా కట్టలేనివాళ్ళు ఇల్లు కొంటారా?"

"అద్దె ఎందుకు కట్టలేదు? నీ కాంట్రాక్టరు నా కూలి ఎగ్గొట్టాడు గనక! వాడు ఈ ఇల్లు కొనేది మా కూలితోనేరా!"

వాయిదాలంటే ఇంకా ఏళ్ళ తరబడి అదే మిషను, అవే కళ్ళు. "నన్ను ఆలోచించుకోనివ్వండి" అంది ఆమె.

"లారీ ఆలోచించుకోనిస్తుందా?"

ఇవ్వలేదు. వీధి మలుపులో లారీ, వెనకే పోలీసు జీపు.

"వాళ్ళు ఎత్తేలోపు మనమే ఎత్తుదాం పదండి!" అని అరిచింది ఆయమ్మ.

వానాకాలంలో ఎత్తినట్టే ఎత్తారు. ఎవరి తలుపు వాళ్ళు తెచ్చి వీధిలోంచి వాకిట్లోకి వచ్చే దారికి అడ్డంగా అంచుకి అంచు ఆనించి నిలబెట్టారు. మధ్యలో ఒక తలుపంత సందు మిగిలింది. ఆ సందులో ఆయమ్మ ఉత్తచేతులతో నిలబడింది.

కాంట్రాక్టరు ఆ సందులోంచి తొంగిచూశాడు. "అమ్మాయ్, సంతకం పెట్టి పక్కకి తప్పుకో. నీకెందుకీ గొడవ?"

వడ్రంగి కూతురు గిర్రున తిరిగి లోపలికి నడిచింది.

"పోయింది! రక్తం ఊరికే పోతుందా?" అని కాండ్రించి ఉమ్మాడు కడ్డీ.

నాన్న గది తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, కింద చేతులు పెట్టి ఎత్తింది. తమ్ముడు అడ్డమొచ్చాడు. "అక్కా, బతుకు పాడుచేసుకోకే!"

"పట్టుకుంటే పట్టుకో. లేకపోతే తప్పుకో."

తప్పుకున్నాడు.

ఆమె ఆ తలుపుని ఈడ్చుకొచ్చి సందులో నిలబెట్టి, ఆయమ్మ పక్కన భుజం ఆనించింది.

"అమ్ముతాను! మా నాన్న ఇల్లు వీళ్ళకే అమ్ముతాను! డబ్బు నిదానంగానే ఇవ్వనీ. ఇంకొన్నాళ్ళు మిషను తొక్కితే చచ్చిపోను!"

లాఠీలు చెక్క మీద పడ్డాయి. తర్వాత వేళ్ళ మీద పడ్డాయి. ఆమెనీ, ఆయమ్మనీ, కడ్డీనీ జీపెక్కించారు. తలుపులు మాత్రం కదల్లేదు. ముగ్గురు పోయిన చోట ఆరుగురు వచ్చి పట్టుకున్నారు.

సాయంత్రం స్టేషన్‌లో ఎస్సై కాంట్రాక్టరు ఇచ్చిన అమ్మకం కాయితం ముందుకి తోశాడు. "సంతకం పెట్టు, ఇంటికి పో."

"ఏ ఇంటికి సార్? నాదీ అద్దె గదే. రేపు నా తలుపు ఎవడెత్తుతాడో!" వాచిన వేళ్ళని కొంగులో దాచుకుంది.

బయట ఏదో చప్పుడు. చెక్కకి చెక్క తగులుతున్న చప్పుడు. కానిస్టేబులు పరుగున వచ్చాడు.

"సార్, జనం! తలుపులు మోసుకొస్తున్నారు!"

"ఆ ఇంటివేగా?"

"కాదు సార్. అవి అక్కడే నిలబెట్టున్నాయి. ఇవి పక్క వీధివి. స్క్రూలు విప్పుకుని మరీ తెస్తున్నారు. ముందు ఈవిడ తమ్ముడంట, కాంట్రాక్టరు లారీలోంచి దింపుకున్న తలుపు నెత్తిన పెట్టుకొస్తున్నాడు."

గోడకి ఆనుకున్న ఆయమ్మ లేచింది. "గొళ్ళెం పక్కన నీలం రంగు మరక ఉందా బాబూ?"

"ఉంది."

"నాదే" అంది ఆయమ్మ. వడ్రంగి కూతురు కళ్ళు తుడుచుకుని, ముందున్న కాయితాన్ని నిలువునా చింపేసింది.