మూత పట్టుకుపోయిన మార్గరిత్

జెఫిరిన్ అత్త వంటింట్లో పరాయివాళ్లు కూర్చోవాలి, అయినవాళ్లు పనిచెయ్యాలి. ఎలోయ్ మూడు రోజులుగా కుర్చీలోనే ఉన్నాడు.

పెళ్లయి పదకొండు రోజులు. మొగుడు కాఫీలో చెంచా తిప్పే చప్పుడు కూడా ఓదిల్‌కి ముద్దుగానే ఉంది. అలాంటివాణ్ణి కిటికీ పక్కన కూచోబెట్టి, "మీరు కూర్చోండి బాబూ, అలిసిపోతారు" అని మేనత్త మర్యాద చేస్తుంటే ఆమెకు ప్రాణం చివుక్కుమనేది. ఆగస్టు పదిహేను అకాడియన్ల పండక్కి ఎనభైమంది బంధువులు దిగుతున్నారు. వాళ్లకి రాప్యూర్ వండాలంటే బస్తాల కొద్దీ బంగాళదుంపలు తురమాలి. ఆ ఇంట్లో తురుముపీట చేతికిచ్చారంటే మనిషిని కలుపుకున్నట్టే.

"లూయిజియానావాడైతే ఏం, ఆయనా అకాడియనే కదత్తా" అంది ఓదిల్.

"ఎవరి కొడుకు?"

"థియోజీన్ కొడుకు."

"ఆ థియోజీన్ ఎవరి కొడుకు?"

"అరిస్తీద్ కొడుకు."

"ఆయన?"

ఎలోయ్ బుర్ర గోక్కున్నాడు.

"ఓడ దాకా పోని వంశం నా వంటింటి దాకా ఎలా వస్తుందే?" అంది అత్త, దుంప చెక్కు తీస్తూ.

ఓడంటే 1755 నాటిది. ఇంగ్లీషు సిపాయిలు ఊళ్లు తగలబెట్టి, ఈ తీరాన స్థిరపడ్డ ఫ్రెంచి రైతులైన అకాడియన్లను దొరికిన ఓడలో దొరికినట్టు కుక్కి దేశం దాటించారు. అత్త మాత్రం ఆ సంగతి మొన్న మంగళవారం జరిగినట్టు చెబుతుంది.

ఓదిల్ పంతం పట్టింది. చదువుకున్న పిల్ల. చర్చి రికార్డులన్నీ తిరగేసి, లూయిజియానా చర్చికి ఈమెయిళ్లు రాసి, ఎలోయ్ పూర్వీకులను ఒక్కొక్కర్నీ పట్టుకుంటూ వెనక్కి నడిచింది. అరిస్తీద్ ముత్తాత తల్లి ఫ్రాన్సు నుంచి వచ్చింది. ఆమె తల్లిని అంతకుముందు వర్జీనియా దిగనివ్వక పంపేసింది, ఇంగ్లండు ఏడేళ్లు బందీగా ఉంచింది. ఆ తల్లి పెళ్లినాటి కాగితంలో పుట్టిన ఊరూ, తండ్రి పేరూ చదివి ఓదిల్ ఎగిరి గంతెయ్యబోయి ఆగిపోయింది. ఆమె మార్గరిత్.

మార్గరిత్ ఓదిల్ వంశానికి మూలపురుషుడైన ప్యెర్‌కి సొంత చెల్లెలు. రేవులో ఇద్దర్నీ చెరో ఓడా ఎక్కించినప్పుడు ఇంటి ఇనుప డేగిసా అన్న చేతిలో, దాని మూత చెల్లెలి చేతిలో ఉండిపోయాయి. ప్యెర్ పదకొండేళ్ల తరవాత డేగిసా వీపున కట్టుకుని మసాచుసెట్స్ నుంచి నడిచొచ్చాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో పులుసు పొంగినా, కూర మాడినా తిట్లు మార్గరిత్‌కే.

మెట్ల మీద ఎలోయ్‌కి చెప్పి, "అత్తకి మాత్రం చెప్పకు" అంది ఓదిల్.

"అంటే మనది మేనరికమా?"

"ఎనిమిది తరాల కిందటిది. అది కాదు బెంగ, మూత."

ఎలోయ్‌కి రహస్యం కడుపులో నిలవదు. తిన్నగా వంటింట్లోకి నడిచాడు.

"అత్తయ్యగారూ, ఓడ దొరికింది. నేను మార్గరిత్ మనవణ్ణి."

అత్త చేతిలో దుంప ఆగింది. అతన్ని తలనుంచి కాళ్లదాకా చూసింది.

"మూత పట్టుకుపోయిన మార్గరిత్?"

"ఆవిడే."

"రెండొందల అరవై ఏళ్లుగా డేగిసా మీద చెక్క పెట్టుకుని వండుతున్నాం మేము. ఇన్నేళ్లూ ఎక్కడ చచ్చార్రా మీరంతా? పైగా వచ్చిన్నాటినుంచీ మహారాజులా కూర్చున్నాడు సన్నాసి. లే. ఇదిగో తురుముపీట. మూతేది?"

ఎలోయ్ తల్లికి ఫోను కలిపి, మార్గరిత్ మూత సంగతి అడిగి బల్ల మీద పెట్టాడు.

"ఆ మూతా? కోళ్లకి నీళ్లు పెట్టుకుంటున్నాం" అంది ఆవిడ, అంత దూరంనుంచి.

"కోళ్లకా?" అత్త కుర్చీలో కూలబడింది.

"మా ఇంట్లో చెప్పే కథ వేరండీ. డేగిసా ఆడపిల్లకని తల్లి ఇస్తే, అన్న లాక్కుపోయాడట. మాకు మూతన్నా మిగిలింది."

"లాక్కోలేదు, మోశాడు. వీపు వంగిపోయింది మహానుభావుడికి."

"మరి పంపించొచ్చుగా?"

"ముందు మూత పంపు."

ఇలా గంటసేపు నడిచింది. ఎలోయ్ రెండు బుట్టలు తురిమాడు, వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. మధ్యలో ఫోను చేత్తో మూసి అత్త అరిచింది: "తురమడం రాదు, దొంగబుద్ధులు మాత్రం బాగా వచ్చాయి. సన్నగా తురుమురా."

తన మొగుణ్ణి ఒకరు తిడుతుంటే చెవులకింత హాయిగా ఉంటుందని ఓదిల్‌కి పెళ్లికి ముందు తెలీదు.